మూడో చరణానికల్లా శ్రుతి జారిపోతోంది

ప్రశ్న: విజయవాడలో సిఎస్ఐ గుడి (చర్చి), క్వయర్‌లో (పాడే బృందంలో) 12 మంది. మూడో చరణానికి శ్రుతి దిగిపోతోంది, వెనక బెంచీలు సాగదీస్తున్నాయి. ఏం చేయాలండీ?

జవాబు: ఏ శ్రుతిలో ఎత్తుకుంటున్నారు? తారస్థాయి షడ్జం (పై స) తగిలే కీర్తనైతే సంఘానికి రెండు శ్రుతి (D) దాటనివ్వకండి, ఒకటిన్నర (C#) ఇంకా హాయి. జారేది ఎక్కువగా ఊపిరి చాలకే. ఎక్కడ పీల్చాలో పాటల పుస్తకంలో పెన్సిల్‌తో గుర్తు పెట్టించండి.

ఇంకో జవాబు: సాగదీత వెనక బెంచీల వాళ్ల తప్పు కాదు. 20 మీటర్ల వెనక్కి శబ్దం చేరడానికి దాదాపు 58 మిల్లీసెకన్లు పడుతుంది. వాళ్ల కోసం మీరు ఆగారో, పాట ఇంకా నెమ్మదిస్తుంది. తబలా వేగం మాత్రం తగ్గకూడదు.

ప్రశ్న: హార్మోనియంలో ఒక మెట్టు మూగబోయింది, దానికి?

జవాబు: రీడు (లోపల గాలికి మోగే లోహపు పట్టీ) నాలుక కింద దుమ్ము చేరి ఉంటుంది. పల్చటి కాగితం దూర్చి మెల్లగా లాగండి. గోకొద్దు, శ్రుతి మారిపోతుంది.