‘నైట్ ఆఫ్ ద డెమన్’ (1957): ఆ భూతాన్ని తెరమీద చూపించి చెడగొట్టారా?

రీలుపెట్టె:
నిన్న రాత్రి మళ్ళీ చూశాను, నాలుగోసారి. మళ్ళీ అదే చోట చిర్రెత్తింది. ఇక ఇక్కడ పంచాయితీ పెట్టేద్దామని వచ్చా.

చూడనివాళ్ళ కోసం కథ రెండు ముక్కల్లో. ఇంగ్లండులో కార్స్‌వెల్ అనే పెద్దమనిషి సైతానును కొలిచే గుంపు ఒకటి నడుపుతుంటాడు. అడ్డొచ్చినవాడి చేతికి, వాడికి తెలియకుండా, రూనిక్ లిపి, అంటే ఉత్తర ఐరోపా పాతకాలపు అక్షరాలు, రాసిన సన్నటి కాగితం ముక్క అంటగడతాడు. గడువు తీరగానే భూతం వస్తుంది. బతకాలంటే ఆ ముక్కను ఇచ్చినవాడికే తిరిగి ఇవ్వాలి, అదీ వాడు తన చేత్తో తీసుకునేలా. ఇదంతా బూటకమని తేల్చడానికి అమెరికా నుంచి దిగిన మనస్తత్వ శాస్త్రవేత్త హోల్డెన్ దగ్గరికి ఆ ముక్క చేరుతుంది. ఎక్కడో శ్మశానంలో కాదు, బ్రిటిష్ మ్యూజియం రీడింగ్ రూములో, పట్టపగలు, నలుగురి మధ్య.

దర్శకుడు జాక్ టర్నర్. 1942లో ‘క్యాట్ పీపుల్’ తీసినాయన. అందులో ఈతకొలను సీను తలుచుకోండి. చీకట్లో ఒంటరి ఆడమనిషి, గోడల మీద కదులుతున్న నీళ్ళ వెలుగు, ఎక్కడినుంచో గుర్రుమని ఒక చప్పుడు. జంతువు కనపడదు. చూసేవాడు మాత్రం కుర్చీ చేతులు వదలడు. అలాంటి మనిషి సినిమాలో మొదటి పది నిమిషాల్లోనే చెట్లంత ఎత్తు భూతం కొమ్ములేసుకుని వచ్చి క్లోజప్పులో మొహం చూపిస్తుంది! నిర్మాత హాల్ చెస్టర్ పట్టుబట్టి పెట్టించాడని టర్నర్ తర్వాత వాపోయాడు. ఆఖర్న రైలు దగ్గర నాలుగంటే నాలుగు ఫ్రేములు చూపిస్తే చాలనుకున్నాడట ఆయన. చూశామా లేదా అని జనం ఇంటికెళ్ళేదాకా తన్నుకోవాలని. స్క్రిప్టు రాసిన చార్లెస్ బెనెట్ అయితే చెస్టర్ పేరెత్తితే భగ్గుమనేవాడు.

ఆ మొదటి భూతాన్ని కోసి పారేస్తే ఇది గొప్ప సినిమా అంటాను. కాదనేవాళ్ళు రండి.

నిశాచరి:
రీలుపెట్టె గారూ, కాదనేదాన్ని నేనే.

‘దర్శకుడు వద్దన్నాడు, నిర్మాత పెట్టాడు, కాబట్టి తప్పు’ అనడం తేలిక. తీసినవాళ్ళ గొడవ పక్కనపెట్టి తెరమీద ఏం జరుగుతోందో చూడండి. హోల్డెన్ తెలివైనవాడే గానీ కాస్త పొగరు. ఎవరేం చెప్పినా నవ్వేస్తాడు. మనం భూతాన్ని చూడకపోతే మనం కూడా అతనితో కలిసి నవ్వుతాం. చూశాం కాబట్టి అతను నవ్విన ప్రతిసారీ మన కడుపులో దేవుతుంది. ఆ కాగితం దానంతట అదే ఎగిరి పొయ్యి వైపు వెళ్ళి జాలీకి తట్టుకుని కొట్టుకుంటుంటే ఆయనేమో గాలి అంటాడు. గాలి కాదని మనకు తెలుసు. ఆ గదిలో ఆయన ఒక్కడికే తెలీదు. ప్రమాదం మనకు ముందే చెప్పేసి పాత్రకు చెప్పకపోవడం, ఈ ఎత్తు సస్పెన్సు సినిమాల దర్శకుడు హిచ్‌కాక్‌ది. మీరు చెప్పిన బెనెట్ హిచ్‌కాక్‌కి ‘39 స్టెప్స్’ రాసినాయనే కదా.

రీలుపెట్టె:
ఆ బెనెట్టే కదండీ భూతాన్ని చూసి మండిపడింది! ఆయన్నే సాక్షిగా తెస్తారేం?

నిశాచరి:
రాసినవాడికి తను రాసింది పూర్తిగా తెలియాలని ఎక్కడుంది?

హనుమకొండ_కుర్రాడు:
అన్నా, అక్కా, ఇద్దరూ సగం సగం కరెక్టే. చూపిస్తే చూపించిండ్రు గానీ ఎట్ల చూపించిండ్రనేదే లొల్లి. మొదట్ల చెట్ల నడుమ పొగ లేస్తది సూడండి, అండ్ల మెరుపుల్లెక్క ఏదో తిరుగుతది, కిర్రు కిర్రుమని సప్పుడు దగ్గరికొస్తది. అప్పటిదాకా నా చేతుల బజ్జి అట్లనే ఉండిపోయింది. తర్వాత మొహం దగ్గరికి తెచ్చి చూపిస్తరు, ఇంక అయిపోయింది. మా అమ్మ పక్కనే కూసోని సూస్తుండె. ‘ఇదేంది బిడ్డా, గణపతి మండపం కాడ పెట్టే రాక్షసుని బొమ్మ లెక్కున్నది’ అన్నది. ఇగ నవ్వాగలే.

దూరం నుంచి నడిసొచ్చే షాటు ఉంచి మొహం ఒక్కటి తీసేస్తే నాకు ఓకే.

తర్కం_మాస్టారు:
మీరంతా భూతం బొమ్మ బాగుందా లేదా అని కొట్టుకుంటున్నారు. నా బాధ వేరు.

ముప్ఫై ఏళ్ళు బడిలో సైన్సు చెప్పినవాణ్ణి. చేతబడి చేశాడన్న అనుమానంతో మనిషిని చంపారన్న వార్తలు మన పేపర్లలో ఇప్పటికీ చదువుతున్నాం. ఆ వార్త చదివిన చేత్తో ఈ సినిమా చూస్తే ఏమవుతుంది? రుజువు అడిగినవాడు మూర్ఖుడు, మంత్రానికి లొంగినవాడు వివేకి. ఆఖర్న హోల్డెన్ చేత, కొన్ని సంగతులు తెలుసుకోకపోవడమే మేలన్నట్టు మాట్లాడించారు. ఒక శాస్త్రవేత్త చేత!

చిత్రమేంటంటే సినిమాలోనే దీనికి విరుగుడు ఉంది. మొదట చచ్చిన ప్రొఫెసర్ హారింగ్టన్ ఎలా పోయాడు? కంగారులో కారు వెనక్కి తిప్పి కరెంటు స్తంభాన్ని గుద్దాడు, తీగలు మీద పడ్డాయి. ఆఖర్న కార్స్‌వెల్? రైలు పట్టాల మీద. పోలీసుకు రెండూ ప్రమాదాలే. భూతాన్ని చూపించకపోయి ఉంటే ఇది భయం మనిషిని ఎలా చంపుతుందో చెప్పే సినిమా అయ్యేది. అందుకని నా ఓటు రీలుపెట్టె గారికే, ఆయన కారణాలు నాకు పట్టకపోయినా.

రీలుపెట్టె:
మాస్టారూ, ఓటు ఏ కారణంతో వేసినా ఓటే. తీసుకున్నాం.

నిశాచరి:
మాస్టారూ, మీ కోపం నాకు అర్థమైంది. వార్తల సంగతి మీరన్నదే నిజం. కానీ ఇది మంత్రగాణ్ణి నెత్తిన పెట్టుకునే సినిమా కాదండీ. కార్స్‌వెల్‌ని సరిగ్గా చూడండి. నియాల్ మెగినిస్ చేశాడు, నాకు ఆ సినిమా అంటే ఆయనే. పల్లె పిల్లలకి పార్టీ ఇస్తూ కోమాళీ వేషంలో టోపీలోంచి కుక్కపిల్లల్ని తీస్తుంటాడు. ఆ వేషంలోనే, హోల్డెన్‌కి రుచి చూపించడానికి, తుఫాను గాలి రప్పిస్తాడు. కుర్చీలు ఎగిరిపోతాయి, పిల్లలు ఏడుస్తూ పరుగులు. మొహానికి ఇంకా రంగు అలాగే ఉంటుంది.

తర్వాత వాళ్ళమ్మతో ఒక సీను ఉంది. ఈ ఇల్లూ ఈ దర్జా ఎక్కడివనుకున్నావమ్మా, జనం భయంతో ఇచ్చినవి, నేను చేసేదీ భయంతోనే అన్నట్టు చెప్తాడు. మొదలుపెట్టింది ఆపలేడు. వేరేవాడి ప్రాణం పోకపోతే తన ప్రాణం పోతుంది. ఇతనూ పాలేరే, యజమాని వేరే. ఆ యజమాని నిజంగా ఉన్నాడని మనం కళ్ళారా చూడకపోతే ఈ మాటలు మోసగాడి నాటకంలా వినిపిస్తాయి. చూశాం కాబట్టే అతని మీద జాలి పుడుతుంది.

హనుమకొండ_కుర్రాడు:
అక్కా, నేను సూసిన దాంట్ల గీ అమ్మ సీను లేదు! గంటా ఇరవై నిమిషాలకే అయిపోయింది.

రీలుపెట్టె:
తమ్ముడూ, నువ్వు చూసింది అమెరికా ప్రింటు. అక్కడ 1958లో ‘కర్స్ ఆఫ్ ద డెమన్’ అని పేరు మార్చి, పది నిమిషాలకు పైగా కోసి వదిలారు. తల్లీకొడుకుల మాటల్లో కోత పడింది, కార్స్‌వెల్ గుంపులోని హోబర్ట్ అనేవాడి పొలం ఇంటికి హోల్డెన్ వెళ్ళే సీనూ పోయింది. బ్రిటిష్ ప్రింటు గంటా ముప్ఫై అయిదు దాకా ఉంటుంది, అది చూడు. పొలం ఇంట్లో సైతాను గుంపు వాళ్ళంతా మామూలు రైతు కుటుంబం. హోల్డెన్ దగ్గర ఆ కాగితం కనపడగానే ఒక్కొక్కరే వెనక్కి జరుగుతారు. ఒక్క భూతమూ లేదు, ఒక్క అరుపూ లేదు. అంతకంటే చలి పుట్టించే చోటు సినిమా మొత్తంలో లేదు. టర్నర్ అంటే అదీ!

కథ_చదివినామె:
మూలకథ గురించి ఎవరూ ఎత్తలేదేం? ఇంగ్లీషు దయ్యం కథల రచయిత ఎం.ఆర్. జేమ్స్ రాసిన ‘కాస్టింగ్ ద రూన్స్’, 1911లో పుస్తకంలో వచ్చింది. అందులో రాత్రి కరెంటు పోతుంది, పక్కమీద పడుకున్నాయన గడియారం కోసం తలగడ కింద చెయ్యి పెడతాడు. చేతికి నోరు తగులుతుంది. పళ్ళు, చుట్టూ వెంట్రుకలు. మనిషి నోరు కాదు. అంతే, ఆయన లేచి వేరే గదిలోకి పారిపోయి తలుపు బిగించుకుంటాడు. నాకు పదిహేనేళ్ళ క్రితం చదివినా ఇప్పటికీ తలగడ కింద ఫోన్ పెట్టుకోవడం ఇష్టముండదు. జేమ్స్ ‘చూపించాడా’ లేదా? వేలితో తాకించాడు. భూతం రావడం తప్పని నేను అనను, ఎంత సేపు నిలబడి ఉందన్నదే లెక్క.

హనుమకొండ_కుర్రాడు:
ఇగో, నేను అన్నదే కథక్క మంచిగ చెప్పింది.

నిశాచరి:
కాస్త పక్కదారి. పార్టీలో పిల్లలు పాములూ నిచ్చెనల ఆట ఆడుతుంటారు గమనించారా? తనకు చిన్నప్పుడు నిచ్చెనలు ఎక్కడం కన్నా పాముల మీంచి జారడమే ఇష్టమని కార్స్‌వెల్ హోల్డెన్‌తో అంటాడు. అది మన వైకుంఠపాళే, ఇక్కడినుంచి ఇంగ్లండుకు పోయిన ఆట. మా అమ్మమ్మ దగ్గర గుడ్డ మీద రాసిన పటం ఉండేది, పైన వైకుంఠం. పెద్ద పాము నోట్లో పడితే ఏడ్చేవాళ్ళం. జారడానికి సరదాపడేవాడు ఆ ఆటకే ద్రోహి కదా! రాసినవాడికి మన పటం తెలుసో లేదో గానీ సైతాను భక్తుడికి అంతకు మించిన పరిచయం లేదు.

తర్కం_మాస్టారు:
ఇది బాగుంది తల్లీ. ఈ ఒక్కదానికి నా ఓటు మార్చను గానీ, ఇంకోసారి చూస్తాను.

రీలుపెట్టె:
ఇలా తేలదు. ఎవరైనా ఈ సినిమా అస్సలు చూడనివాడికి, మొదటి భూతం సీను దాటించి, హోల్డెన్ విమానంలో వచ్చే దగ్గర్నుంచి చూపించండి. ఏమంటాడో రాయండి.

హనుమకొండ_కుర్రాడు:
నా రూమ్మేటు ఉన్నడు, వానికి పాత సిన్మాలంటే పడదు. శనివారం చూపిస్త, ఫుల్ ప్రింటే.

హనుమకొండ_కుర్రాడు:
చూపించిన. రిపోర్టు రాస్తున్న.

మొదటి అర్ధగంట ఫోన్ చూసుకుంట కూసున్నడు. తుఫాను సీనుకు ఫోన్ పక్కన పెట్టిండు. నలభై నిమిషాలకు ‘దయ్యం ఎప్పుడొస్తది రా?’ అన్నడు. రీలుపెట్టె అన్నా, సారీ. దయ్యం ఉందా లేదా అనే డౌటే రాలే వానికి, పోస్టర్ మీదనే ఉన్నది కదా అన్నడు. కానీ పొలం ఇంటి కాడ మాత్రం కుక్కిన పేను లెక్క కూసున్నడు, నోరు మెదపలే. ఆఖర్ల మొహం రాంగనే ఇద్దరం నవ్వినం. కాగితం పట్టాల మీద ఎగురుకుంట పోతుంటే, కార్స్‌వెల్ దాని వెనుక ఉరుకుతుంటే, అప్పుడు మాత్రం నవ్వలే.

పొద్దున ఆఫీసుకు పోయేటప్పుడు షర్టు జేబుల చెయ్యి పెడితే సన్నగ చింపి మడిచిన కాగితం తగిలింది. ఏదో పిచ్చి గీతలు గీసిండు దాని మీద. వాడు రెండ్రోజుల్నుంచి నా చేతి నుంచి చాయ్ గ్లాసు కూడా తీసుకుంటలేడు.