గెలాక్సీలు నిజంగా ఢీకొంటున్నాయా, వెనకాముందూ ఉన్నాయా: ఫొటో చూసి ఎలా చెప్పాలి?

అందరికీ నమస్కారం. మా హైస్కూలు పిల్లల కోసం ఢీకొంటున్న సర్పిలాకార గెలాక్సీల ఫొటోలతో చిన్న ప్రదర్శన పెడుతున్నాను. ఒకచోట ఆగిపోయాను, తెలిసినవాళ్లు కాస్త సాయం చేయండి.

ఆకాశంలో హస్తా నక్షత్రం వైపు కనిపించే యాంటెనా గెలాక్సీలతో (ఎన్‌జీసీ అనే ఖగోళ జాబితాలో 4038, 4039) ఇబ్బంది లేదు. నడుమ గులాబీ రంగు వాయుమేఘాలు, కొత్తగా పుట్టిన నీలి నక్షత్రాల గుంపులు, బయటికి మీసాల్లా సాగిన రెండు పొడవాటి తోకలు. అలాంటి తోకలు గురుత్వాకర్షణ లాగుడు వల్లే వస్తాయని 1972లో శాస్త్రవేత్తలైన టూమ్రే సోదరులు కంప్యూటర్ లెక్కలతో చూపించారు. ఇంతవరకూ పిల్లలకు చెప్పగలను.

చిక్కంతా ఎన్‌జీసీ 3314 అనే గెలాక్సీల జంట దగ్గరే. హబుల్ ఫొటోలో రెండు సర్పిలాలు ఒకదాంట్లో ఒకటి దూరిపోయినట్టే ఉంటాయి. కానీ ముందున్నది సుమారు 11.7 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో, వెనకది సుమారు 14 కోట్ల దూరంలో ఉన్నాయి. ముందున్నదాని ధూళి చారలు వెనకదాని వెలుగు మీద నల్లగా పడటం నాకూ కనిపించింది. పైగా ముందున్నది కొంచెం వంకర తిరిగి ఉంది. అది పక్కనున్న ఇంకో గెలాక్సీ పనే కావచ్చంటారు. మరి పిల్లాడు ఆ వంకర చూపించి "ఢీకొన్నాయి కదా సార్" అంటే ఏం చెప్పాలి?

దూరాలు తెలియనప్పుడు ఫొటోలో ముందుగా ఏం చూడాలి? తోకలు, రెండు గెలాక్సీలనూ కలిపే నక్షత్రాల, వాయువుల వంతెన లేకపోతే ఢీ లేదనుకోవచ్చా? అప్పుడే దగ్గరవుతున్న జంటలకు అవి ఇంకా ఏర్పడి ఉండవేమో కదా? ఈ తేడా బాగా తెలిసే జంటలు ఇంకేమైనా ఉంటే పేర్లు చెప్పండి, ఫొటోలు నేను వెతుక్కుంటాను.