మేజర్, మైనర్ పెంటటానిక్: నోట్స్ అవే అయినప్పుడు రెండుసార్లు సాధన ఎందుకు?

ఆరుతీగలు:
గిటార్ కొత్తగా పట్టిన పిల్లలు నన్ను ఎక్కువగా అడిగేది ఇదే. పెంటటానిక్ అంటే ఐదు నోట్స్ ఉన్న స్కేల్. సీ మేజర్ పెంటటానిక్ అంటే సీ, డీ, ఈ, జీ, ఏ. ఏ మైనర్ పెంటటానిక్ అంటే ఏ, సీ, డీ, ఈ, జీ. నోట్స్ అవే. ఐదు బాక్సులు, అంటే తీగల మీద వేళ్లు ఎక్కడ పెట్టాలో చూపే అమరికలు, చేతికొస్తే రెండూ వచ్చేసినట్టే. ఏ మైనర్‌కి ఐదో ఫ్రెట్ (గిటార్ మెడ మీది అడ్డపట్టీ) దగ్గర పట్టండి: ఆరో స్ట్రింగ్ మీద 5, 8, ఐదు, నాలుగు, మూడు స్ట్రింగ్‌ల మీద 5, 7, రెండు, ఒకటి మీద మళ్లీ 5, 8. ఇదే షేప్‌ని మూడు ఫ్రెట్లు వెనక్కి జరిపి రెండో ఫ్రెట్‌లో పెడితే ఏ మేజర్ పెంటటానిక్. వేరువేరుగా కూర్చుని సాధన చేయక్కర్లేదని నేను గట్టిగా నమ్ముతాను.

షడ్జమం:
నమస్తే అండీ. నేను వయొలిన్. మీ ఐదు నోట్స్‌నే తీసుకుందాం. సీని షడ్జమం, అంటే స, చేసుకుంటే మోహన రాగం. ఏ దగ్గర షడ్జమం పెడితే సాధారణ గాంధారం, శుద్ధ మధ్యమం, పంచమం, కైశికి నిషాదంతో శుద్ధ ధన్యాసి. డీ నుంచి మధ్యమావతి, ఈ నుంచి హిందోళం, జీ నుంచి శుద్ధ సావేరి. ఇలా అవే స్వరాల్లో స చోటు మార్చి వేరే రాగం రాబట్టడాన్నే గ్రహభేదం అంటాం. మోహనం వచ్చింది కాబట్టి హిందోళం సాధన మానేయమని ఏ గురువూ చెప్పరు.

కోనసీమ కీబోర్డ్:
కీబోర్డ్ మీద నల్ల కీస్ ఐదూ ఎఫ్ షార్ప్ మేజర్ పెంటటానిక్. మా పాప అక్కడే మొదలుపెట్టింది. పక్కపక్కన రెండు నోట్స్ మధ్య సెమీటోన్ (అన్నిటికన్నా చిన్న దూరం) ఎక్కడా ఉండదు కాబట్టి ఏది నొక్కినా చెవికి గుచ్చుకోదు.

ఆరుతీగలు:
రాగాల సంగతి నేను ఎత్తలేదండీ. రాగానికి గమకం ఉంటుంది, సంచారం ఉంటుంది, ఒప్పుకుంటాను. నేను మాట్లాడేది స్కేల్ గురించి, గిటార్ గురించి. మూడు ఫ్రెట్లు వెనక్కి జరిపితే మేజర్ వస్తుందా, రాదా? దీనికి సూటిగా జవాబు చెప్పండి.

షడ్జమం:
సూటిగానే చెప్తాను. రెండో ఫ్రెట్‌లో మీ షేప్ పెట్టినప్పుడు చూపుడు వేలు కింద ఉన్నది ఏ కాదు, ఎఫ్ షార్ప్. ఏ ఉన్నది ఐదో ఫ్రెట్‌లో, చిటికెన వేలు కింద. పిల్లవాడు ఐదో ఫ్రెట్‌లో నేర్చుకున్న అలవాటు కొద్దీ చూపుడు వేలితో మొదలెట్టి చూపుడు వేలి దగ్గరే ఆగుతాడు. అప్పుడు వినిపించేది ఎఫ్ షార్ప్ మైనర్ పెంటటానిక్. మేజర్ వాయిస్తున్నానని వాడు అనుకుంటాడు, వినేవాడికి మైనర్ వినిపిస్తుంది.

ఆరుతీగలు:
వెనక ఏ మేజర్ కార్డ్ (కలిసి మోగే నోట్స్) మోగుతుంటే ఎక్కడ ఆగాలో చెవి అదే చెప్తుంది. బ్యాకింగ్ ట్రాక్ ఉన్నది అందుకేగా.

ఓరుగల్లు బ్లూస్:
అన్నా, మీరిద్దరు ఒక్క లెక్క మర్చిపోతున్నరు. సీ మేజర్, ఏ మైనర్ జోడి ఒకటి. ఏ మేజర్, ఏ మైనర్ జోడి వేరే. బ్లూస్‌ల, గదే అమెరికా నల్లజాతి వాళ్ల పాటల తీరుల, పనికొచ్చేది రెండోది. ఏ సెవెన్ కార్డ్‌ల సీ షార్ప్ ఉంటది, ఏ మైనర్ పెంటటానిక్‌ల సీ ఉంటది. ఆ సీని తీగ గుంజి జరంత పైకి బెండ్ చేయాలె, సీ షార్ప్ దాకా పోవద్దు. బ్లూస్ రుచి ఆ నడిమిట్లనే ఉంది. బ్లూస్ గిటారిస్ట్ బీబీ కింగ్ ఒకే ఫ్రేజ్‌ల మేజర్, మైనర్ రెండు కలిపి వాయించేటోడు. షేప్ జరుపుడు తెలిస్తే గది రాదు. ఒకే ఏ మీద రెండు స్కేళ్లు పక్కపక్కన పెట్టుకొని వాయించాలె.

ఆరుతీగలు:
బ్లూస్ అందరికీ అక్కర్లేదు బ్రదర్. నేను చెప్పేది మొదటి మెట్టు.

షడ్జమం:
మొదటి మెట్టే తప్పితే? మా అబ్బాయి ఒక ఆన్‌లైన్ కోచింగ్‌లో చేరాడు. వాళ్లు ఇచ్చినవన్నీ బాక్స్ చార్టులే. ఐదు బాక్సుల్లో ఎంత వేగంగా వాయిస్తాడంటే చూడ్డానికి ముచ్చటేస్తుంది. ఇంట్లో తంబూరా యాప్ ఆన్ చేసి 'నీ స ఎక్కడుంది, పాడు' అంటే గొంతు పెగల్లేదు. ఫీజు తీసుకుని వేళ్లకి మాత్రం నేర్పారు. నా బాధ అది.

నిజాంపేట వాసి:
మా వాడిదీ ఇదే కథ.

ఆరుతీగలు:
మీ అబ్బాయికి ఇంట్లో మీరున్నారు మేడమ్. స ఎక్కడుందో అడగడానికి ఒక మనిషి ఉంది. మా ఊళ్లో సంగీతం మాస్టారి దగ్గరికి గిటార్ పట్టుకుని వెళ్తే, అది సంగీత వాద్యమే కాదని గుమ్మంలోంచే పంపేశారు. తర్వాత ఎవరో ఇచ్చిన ఒక బాక్స్ జిరాక్స్ కాగితమే నాకు గురువు. ఆ కాగితం నా కులం అడగలేదు, ఊరు అడగలేదు, సరళీ స్వరాలు వచ్చా అని అడగలేదు. బాక్స్‌ని చిన్నచూపు చూస్తే నాకు కోపం రావడం సహజం.

షడ్జమం:
ఆ మాస్టారు చేసింది అన్యాయం. పాలకొల్లులో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్ గారు ఎలక్ట్రిక్ మాండలిన్ మీద కర్ణాటక సంగీతం వాయించి లోకాన్ని ఒప్పించారు. ఆయన గురువు రుద్రరాజు సుబ్బరాజు గారికి మాండలిన్ వాయించడం రాదు. ఆయన పాడేవారు, శిష్యుడు విని వాయించేవాడు. వాద్యం ఏదైనా ముందు చెవే అని నేననేది అందుకే.

ఆరుతీగలు:
శ్రీనివాస్ గారికి పాడి వినిపించే గురువు దొరికారు. దొరకనివాళ్లు ఎక్కడ మొదలుపెట్టాలి? ఇదొక్కటే నా ప్రశ్న. మీరు మొదటినుంచీ గురువు ఉన్నవాళ్ల గురించి మాట్లాడుతున్నారు, నేను లేనివాళ్ల గురించి.

షడ్జమం:
గురువు లేనివాడికే శ్రుతి, అంటే వెనక ఆగకుండా మోగే స, ఇంకా ఎక్కువ అవసరం. తప్పు చెప్పేవాళ్లు పక్కన లేనప్పుడు తప్పుని పట్టిచ్చేది అదే. తంబూరా యాప్‌కి డబ్బు అక్కర్లేదు, ఎవరి గుమ్మమూ ఎక్కక్కర్లేదు. బాక్స్ వద్దని నేనెక్కడా అనలేదు. మొదటి రోజే కింద ఏ నోట్‌ని శ్రుతిగా మోగించమంటున్నాను.

ఆరుతీగలు:
మొదటి రోజు వేళ్ల కొసలు మండుతుంటాయి, తీగ సరిగ్గా మోగదు. అప్పుడు స పాడమంటే సగంమంది గిటార్ మూల పెట్టేస్తారు. ముందు ఏదో ఒకటి వాయించానన్న తృప్తి దొరకాలి. బాక్స్ పడ్డాక శ్రుతి పెట్టుకోమనండి, నాకు అభ్యంతరం లేదు. వరస మాత్రం మార్చను.

షడ్జమం:
నేనూ మార్చను.

కోనసీమ కీబోర్డ్:
మరి గిటార్ ఇప్పుడే కొన్నవాళ్లు ఏం చేయాలి?

ఓరుగల్లు బ్లూస్:
ఐదో స్ట్రింగ్ ఓపెన్‌గ కొట్టు, అదే ఏ. అది మోగుతుండగనే రెండో ఫ్రెట్ బాక్స్ మెల్లగ వాయించి చిటికెన వేలు కాడ ఆగు: మేజర్. మళ్లా కొట్టి ఐదో ఫ్రెట్ బాక్స్ వాయించి చూపుడు వేలు కాడ ఆగు: మైనర్. రెండుసార్లు ఆగింది ఆరో స్ట్రింగ్ ఐదో ఫ్రెట్ మీదనే. యాప్ కూడ అక్కర్లేదు.