‘మహబూబ్‌నగర్’ వర్ణక్రమం: కంటికి కనిపించని అక్షరం

ప్రశ్న

పెద్దలకు నమస్కారం. మా పాలమూరు ప్రాంతపు ఊరిపేర్లను వాటి వాడుక రూపాలతో సహా ఒక పట్టికగా కూర్చుతున్నాను. వార్తల నుంచి, ప్రకటనల నుంచి ఎత్తి రాసుకున్న వరుసలు కావడంతో ఒక చిక్కు వచ్చింది. ‘మహబూబ్‌నగర్’ అని వెతికితే కొన్ని వరుసలు దొరుకుతున్నాయి, కొన్ని దొరకడం లేదు. దొరకనివాటిని దొరికినవాటి పక్కన పెట్టి ఎంత పరకాయించి చూసినా తేడా కనిపించడం లేదు. వీటిలో సరైన వర్ణక్రమం ఏది? తేడా ఎక్కడున్నదో తెలుసుకునే దారి ఏమైనా ఉన్నదా?

సమాధానం

అయ్యా, మీరు అడిగినవి రెండు ప్రశ్నలు. ముందు రెండోదానికి జవాబు దొరికితే తప్ప మొదటిదాన్ని చర్చించడం కుదరదు. తెరమీద మనం చూసేది ఫాంటు గీసిన బొమ్మ మాత్రమే, దాని వెనుక దాచి ఉన్నది యూనికోడ్ (ప్రతి అక్షరానికీ ఒక సంఖ్య కేటాయించే ప్రమాణం) సంఖ్యల వరుస. ఒకే బొమ్మకు వేరువేరు వరుసలు ఉండవచ్చు కాబట్టి, వర్ణక్రమం గురించి వాదించబోయే ముందు ఆ వరుసను విప్పి చూడాలి.

విప్పి చూపే పనిముట్లు చాలానే ఉన్నాయి. విండోస్‌లో బేబెల్‌ప్యాడ్, లినక్స్‌లో గ్నోమ్ వారి క్యారెక్టర్ మ్యాప్ ఉన్నాయి. ఈమ్యాక్స్ అనే పాఠ సంపాదకాన్ని వాడేవారికి కర్సర్ ఉన్నచోటి అక్షరం పుట్టుపూర్వోత్తరాలన్నీ చెప్పే ఆదేశం అందులోనే ఉన్నది. వర్డ్‌లో ఆల్ట్, ఎక్స్ మీటలు కలిపి నొక్కితే కర్సర్‌కు ముందున్న అక్షరం తన సంఖ్యగా మారుతుంది, అయితే గుణింతాల మధ్యకు కర్సర్ పోనందువల్ల తెలుగుకు అది అంత అనువుగా ఉండదు. నా మట్టుకు పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష చాలు: మాటలోని ఒక్కొక్క అక్షరాన్ని తీసి ‘ఆర్డ్’ అనే ఫంక్షన్‌కు ఇస్తే సంఖ్య వస్తుంది, ‘యూనికోడ్‌డేటా’ మాడ్యూల్‌ను అడిగితే పేరు కూడా చెబుతుంది.

మీ మాటనే అలా విప్పుదాం. మ 3118, హ 3129, బ 3116, దీర్ఘపు కొమ్ము 3138, మళ్లీ బ 3116, పొల్లు 3149. ఆ తరువాత 8204 అని ఒకటి వస్తుంది. మనకున్న తెలుగు సంఖ్యలన్నీ 3072 నుంచి 3199 వరకే, మరి ఇది ఏమిటి? దాని పేరు జీరో విడ్త్ నాన్ జాయినర్. వెడల్పు లేదు, ఆకారం లేదు, ముందున్న పొల్లును తరువాతి హల్లుతో కలవనీయకుండా ఆపడమే దాని పని. ఆ వెనుక న 3112, గ 3095, ర 3120, పొల్లు 3149. మొత్తం 11. 8204 తీసేస్తే బకారం కింద నకారం వత్తుగా చేరి ‘మహబూబ్నగర్’ అవుతుంది, అవి 10.

ఈ తేడా కంటికి తెలుస్తుంది కాబట్టి మీ చిక్కు ఇది కాకపోవచ్చు. చివరి ‘ర్’ తరువాత చూడండి. పొల్లు పడిన ప్రతిచోటా దాని వెంట 8204ను చేర్చే అలవాటు వార్తల పాఠంలో విస్తారంగా కనిపిస్తుంది. మాట చివర కలవడానికి హల్లు లేదు కాబట్టి అక్కడ దానికి పని ఉండదు, అయినా పాఠంలో ఉండిపోతుంది. అప్పుడు అక్షరాలు 12 అవుతాయి, బొమ్మ మాత్రం మారదు. ఈ సంఖ్యలను కంప్యూటర్‌లో దాచే పద్ధతి అయిన యూటీఎఫ్-8లో వీటిలో ఒక్కొక్కటీ 3 బైట్లు, అంటే ఒకటి 33 బైట్ల మాట, మరొకటి 36 బైట్ల మాట. సంఖ్యకు సంఖ్య పోల్చి చూసే వెతుకులాటకు ఇవి రెండూ రెండు వేరు మాటలే.

ఇక మొదటి ప్రశ్న. నా అభిప్రాయంలో 11 అక్షరాల రూపమే సరైనది. ‘నాగర్‌కర్నూల్’ అనే పేరును చూడండి. మొదటి రకారం పొల్లుగా నిలుస్తుంది, రెండో రకారం కింద నకారం వత్తుగా చేరుతుంది. ‘నాగర్’, ‘కర్నూల్’ వేరు పదాలన్న ఎరుక మనలో ఉన్నది కాబట్టే ఆ హద్దు దగ్గర కలపం, పదం లోపల కలుపుతాం. షాద్‌నగర్, హుజూర్‌నగర్ కూడా ఈ దారిలోనివే. జడ్చర్లలోనూ గద్వాలలోనూ అలాంటి హద్దు మనకు తోచదు, అందుకే వత్తులు రాస్తాం. ‘నల్లగొండ’లో హద్దు ఉన్నప్పటికీ, వాడుకలో అచ్చు జారి ‘నల్గొండ’ అయినప్పుడు రెండూ ఏకపదంగా అతుక్కుపోయాయి, అక్కడ పొల్లు విడిగా రాసేవారు నాకు కనబడలేదు. కాబట్టి 8204ను యంత్రం విసిరేసిన చెత్తగా భావించకూడదు. పదాల హద్దు దగ్గర అది వర్ణక్రమంలో భాగం, మాట చివర మాత్రం వ్యర్థం.

మరొక సభ్యుడి మాట

ఇదంతా హలంతాలను (హల్లుతో ముగిసే మాటలను) యథాతథంగా రాయడంతో వచ్చిన తంటా. తెలుగు అజంత భాష, అంటే మాటలు అచ్చుతో ముగిసే భాష. ‘మహబూబునగరు’ అని రాస్తే ఏ కనిపించని అక్షరమూ అక్కరలేదు, ‘పాలమూరు’ అంటే అసలు గొడవే లేదు. మరొకటి, మా గద్వాల వైపు కన్నడం, తెలుగు రెండూ నడుస్తాయి. రెండు కీబోర్డులు మార్చుకుంటూ రాసేవారి పాఠంలో ‘గద్వాల’ చివరి లకారం కన్నడపుదై ఉండటం చూశాను. దీనికి కూడా మీ పనిముట్టు పనికివస్తుందా?

సమాధానం

తప్పకుండా పనికివస్తుంది. తెలుగు లకారం 3122, కన్నడ లకారం 3250. కన్నడ అక్షరాలను తెలుగు వరుసకు సరిగ్గా 128 దూరంలో అమర్చారు కాబట్టి, 3200 నుంచి 3327 లోపు సంఖ్య ఏది కనిపించినా అది పొరపాటుగా చొరబడినదే. ఇటువంటి మారుపడ్డ అక్షరాలు తెలుగులోపల కూడా ఉన్నాయి. అనుస్వారపు సున్న (ం) 3074, తెలుగు అంకెల్లోని సున్నా (౦) 3174. ‘అందరికీ’ అనే మాటలో సున్నకు బదులు అంకెను వేసినవారు చాలామంది ఉన్నారు. ‘దుఃఖం’లో విసర్గ స్థానంలో ఇంగ్లిషు కోలన్ పెట్టడం అంతకంటే ఎక్కువ. కోలన్ సంఖ్య 58, విసర్గ 3075. కొన్ని వెతుకులాటలకు కోలన్ దగ్గర మాట ముగిసినట్టే లెక్క కాబట్టి, ‘దుఃఖం’ రెండు ముక్కలై ఏ ముక్కకూ అర్థం లేకుండా పోతుంది.

అజంత రూపాల పట్ల నాకూ ఇష్టమే, కానీ ఇక్కడ పట్టికలో చేరవలసినవి జనం రాస్తున్న రూపాలు, మనం కోరే రూపాలు కావు.

8204 సంగతి చిన్నదని అనుకునేవారికి ఒక మాట చెప్పాలి. 2018 ఫిబ్రవరిలో ఐఫోన్లను స్తంభింపజేసిన తెలుగు అక్షరాన్ని విప్పితే జ, పొల్లు, ఞ, 8204, దీర్ఘం వస్తాయి. ‘జ్ఞా’లో ఆ నాలుగోదానికి చోటే లేదు. ఐఓఎస్ 11.2.6 వచ్చాకనే ఆ లోపం పోయింది.

మీ పట్టికకు నా సూచన ఇది. ఎత్తి రాసిన రూపాన్ని ఉన్నదున్నట్టు ఒక గడిలో ఉంచండి, అందులో దేన్నీ తీసివేయకండి. పక్కన మరో గడి పెట్టి, అదే మాటను 8204 లేకుండా, ఖాళీలు లేకుండా అందులో రాయించండి. వెతికే మాటను కూడా అలాగే శుభ్రం చేసి ఆ రెండో గడిలోనే వెతకండి. విడివిడిగా రాసిన గుర్తులను ఒక్కటిగా కలిపే యూనికోడ్ వారి ఎన్‌ఎఫ్‌సీ మార్పిడి ఒక్కటే సరిపోతుందని అనుకోవద్దు. ఎత్వానికి కింద ఐత్వపు గుర్తును విడిగా చేర్చి రాసిన ‘ఐ’ గుణింతాన్ని అది ఒక్కటిగా కలుపుతుంది గానీ, 8204ను ముట్టుకోదు.