తీగ లెక్కలో కనిష్ఠ వైశాల్యం దొరికింది, గరిష్ఠం ఎక్కడ?

ప్రశ్న:
20 సెంటీమీటర్ల తీగను రెండు ముక్కలు చేసి, ఒకదాన్ని వృత్తంగానూ రెండోదాన్ని చతురస్రంగానూ వంచితే, ఆ వైశాల్యాల మొత్తం ఎప్పుడు గరిష్ఠం, ఎప్పుడు కనిష్ఠం అవుతుందన్నది లెక్క. వృత్తానికి వాడిన ముక్క పొడవును ఎక్స్ అనుకొని, మొత్తం వైశాల్యాన్ని అవకలనం చేసి (అంటే ఎక్స్‌ను బట్టి అది మారే రేటైన అవకలజాన్ని కనుక్కొని) సున్నాకు సమానం చేస్తే, ఎక్స్ సుమారు 8.8 అని ఒకే విలువ వచ్చింది. రెండో అవకలజం ధనాత్మకం కాబట్టి అక్కడ కనిష్ఠం. మరి గరిష్ఠం ఎందుకు దొరకలేదో దయచేసి వివరించగలరు.

జవాబు:
మీ అవకలనం సరిగ్గానే ఉంది. అయితే అవకలజం సున్నా కావడమంటే ఆ బిందువు వద్ద స్పర్శరేఖ అడ్డంగా ఉందనే అర్థం. అంతరం (ఎక్స్ మారగల పరిధి) చివరల్లో ప్రమేయం ఎంత ఎత్తుకు చేరుతుందో ఆ షరతు చెప్పదు. ఇక్కడ ఎక్స్ 0 నుంచి 20 వరకే మారగలదు. రెండో అవకలజం ఎక్స్‌పై ఆధారపడని ధన స్థిరాంకం కనుక, మీ వక్రం పైకి తెరుచుకున్న పరావలయం. దానికి సంవృతాంతరంలో, అంటే రెండు చివరలూ కలిసిన అంతరంలో, గరిష్ఠ విలువ ఏదో ఒక అంత్యబిందువు దగ్గరే వస్తుంది. తీగంతా చతురస్రం చేస్తే వైశాల్యం 25 చదరపు సెంటీమీటర్లు. తీగంతా వృత్తం చేస్తే 400ను 4π తో భాగించాలి, అంటే సుమారు 31.83. మీరు కనుక్కొన్న బిందువు దగ్గర సుమారు 14. గరిష్ఠం వృత్తానిదే. పరీక్షలో ఈ రెండు అంత్య విలువలనూ తప్పక రాయండి. అవి లేకపోతే జవాబు సగమే అవుతుంది.

మరో జవాబు:
కనిష్ఠం దగ్గర ఇంకో అందమైన విషయం ఉంది. చుట్టుకొలతను బట్టి వృత్త వైశాల్యం మారే రేటు సరిగ్గా దాని వ్యాసార్ధం; చతురస్రానికైతే ఆ రేటు భుజంలో సగం. అవకలజాన్ని సున్నా చేయడమంటే ఈ రెండు రేట్లనూ సమానం చేయడమే. అందుకే అక్కడ వ్యాసార్ధం 1.4, భుజం 2.8 వస్తాయి. ఆ వృత్తం ఆ చతురస్రం నాలుగు భుజాలనూ తాకుతూ లోపల ఇమిడిపోతుంది. తీగ పొడవు ఎంతైనా ఈ సంబంధం మారదు. ఒకసారి బొమ్మ గీసి చూడండి.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ ధన్యవాదాలు. తీగను తప్పనిసరిగా కోయాలి అంటే, ఎక్స్ 20 కాకూడదు కదా?

జవాబు:
మంచి సందేహం. అప్పుడు అంతరం వివృతం అవుతుంది, అంటే దాని చివరలు అందులో చేరవు; గరిష్ఠం ఉండదు. చతురస్రానికి వదిలే ముక్కను తగ్గించేకొద్దీ మొత్తం వైశాల్యం 31.83కు ఎంత దగ్గరకైనా వెళుతుంది కానీ, దాన్ని అందుకోదు. కనిష్ఠం మాత్రం లోపలి బిందువు కాబట్టి అలాగే నిలుస్తుంది.