1985 నాటి సీసపు గాబ్లిన్‌లు: పాత రంగు తీయడం, విరిగిన చేతిని మలచడం

ప్రశ్న:

అందరికీ నమస్కారం. నేను ఇంగ్లండ్‌లోని నాటింగ్‌హామ్‌లో ఉంటున్నాను. ఇక్కడి పాత వస్తువుల సంతలో బల్ల మీది ఆటలకు చిన్న బొమ్మలు చేసే సిటడెల్ మినియేచర్స్ కంపెనీ వారి సీసపు గాబ్లిన్ (కథల్లో వచ్చే కొంటె మరుగుజ్జు పిశాచం) బొమ్మలు పదకొండు దొరికాయి. పీఠపు గాడిలోకి దిగే పట్టీ మీద 1985 అని పోతలోనే అచ్చు పడి ఉంది. ఎవరో రెండు విడతలుగా ఎనామెల్ రంగు దట్టంగా పూయడం వల్ల ముఖాలు పూడిపోయాయి. ఒకదానికి ఈటె పట్టిన చేయి మోచేతి దగ్గర విరిగిపోయింది, రెండింటి పాదాల దగ్గర తెల్లటి పొడి కనిపిస్తోంది. వీటిని బాగు చేసి, 1983లో వచ్చిన వార్‌హామర్ అనే యుద్ధపు ఆట తొలి నియమాలతో బల్ల మీద ఆడాలని నా కోరిక. ఒక బొమ్మను జెండా మోసేవాడిగా మార్చవచ్చా? ఇప్పటికి అన్నింటినీ ఓక్ చెక్క అలమరలో ఉంచాను.

మొదటి సమాధానం:

ముందుగా వాటిని ఆ అలమరలోంచి తీసేయండి. ఓక్ చెక్క నుంచి వెలువడే ఎసిటిక్ ఆమ్లపు ఆవిరి సీసాన్ని నెమ్మదిగా తినేస్తుంది. మీరు చూసిన తెల్లటి పొడి అలా ఏర్పడిన సీసపు కార్బొనేటే. దాన్ని పొడిగా గీకితే విషపూరితమైన ధూళి లేస్తుంది కాబట్టి, సబ్బునీళ్లలో ముంచి పాత టూత్‌బ్రష్‌తో రుద్ది, పూర్తిగా ఆరాక ఆలస్యం చేయకుండా ప్రైమర్ (రంగు కింద వేసే తొలి పూత) వేయండి. ఆ తర్వాత ప్లాస్టిక్ డబ్బాలో భద్రపరచండి. ఆకురాయి పట్టాల్సి వచ్చినా తడిపే పట్టండి, పని ముగియగానే చేతులు కడుక్కోండి, ఇంట్లో చిన్నపిల్లలుంటే వారికి అందకుండా చూడండి.

ప్రైమర్ వేయకముందే పాత రంగు తీయాలి. అందుకు ప్లాస్టిక్ పీఠాలు ఊడదీసి, బొమ్మలను మూత ఉన్న గాజు సీసాలో అసిటోన్‌లో కొన్ని గంటలు నాననివ్వండి. లోహానికి హాని ఉండదు గాని పీఠాలు కరిగిపోతాయి. ఈ పని గాలి బాగా ఆడేచోట, మంటకు దూరంగా చేయాలి.

రెండవ సమాధానం:

చేయి సంగతి నేను చెబుతాను, ఎందుకంటే ఈ అభిరుచిలో నాకు అన్నిటికంటే ఇష్టమైన పని ఇదే. మోచేతి దగ్గర మిగిలిన మొండిలో పిన్ వైస్‌తో (వేళ్లతో తిప్పే చిన్న డ్రిల్) ఒక మిల్లీమీటరు రంధ్రం చేసి, సన్నని ఇత్తడి తీగను సూపర్ గ్లూతో బిగించి, చేయి వంగినట్లే వంచండి. గ్రీన్ స్టఫ్ అనేది రెండు భాగాలు కలిపితే గట్టిపడే పుట్టీ; దానిలోని నీలం, పసుపు భాగాలను సమానంగా తీసుకుని కలపండి. రెండూ పక్కపక్కనే అంటుకుని ఉన్న పట్టీ కొన్నట్లయితే, అవి తాకే మధ్య గీత అప్పటికే గట్టిపడి ఉంటుంది కనుక దాన్ని కోసి పారేయాలి. లేకపోతే ఆ పలుకులు నున్నటి చర్మం మీద తేలి కనిపిస్తాయి. తొలిరోజు తీగ చుట్టూ పలుచని పొర మాత్రమే వేసి రాత్రంతా గట్టిపడనివ్వండి. కండలు మరునాడు, వేళ్లు ఆ తర్వాత. ఒకే పూటలో అంతా మలచబోతే, వేలిని సరిచేస్తున్నప్పుడు మోచేయి నలిగిపోతుంది. పనిముట్టును తరచూ నీటితో తడుపుతూ ఉంటే పుట్టీ దానికి అంటుకోదు.

మాది కొండపల్లి దగ్గరి ఊరు. అక్కడి కళాకారులు తెల్ల పొణికి చెక్కతో శరీరం చెక్కి, చేతులను విడిగా చేసి, చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికించి, అది ఆరాకే రంగుకు దిగుతారు. పదార్థాలు వేరైనా, ఆరేదాకా ఆగే ఆ ఓర్పే ఇక్కడా కావాలి.

మూడవ సమాధానం:

జెండా విషయంలో నా మనవి ఒక్కటే: చెక్కుచెదరని బొమ్మను దయచేసి కోయకండి. సిటడెల్‌లో కెవ్ ఆడమ్స్ మలచిన గాబ్లిన్‌ల ముఖాల్లో ఒక్కొక్క దానికీ ఒక్కో కొంటెతనం ఉంటుంది. చేయి విరిగినవాడికే ఈటెకు బదులు జెండా కర్ర ఇస్తే, ఏ బొమ్మకూ నష్టం లేకుండా మీ కోరిక తీరుతుంది.

రంగులకు తెల్లటి ప్రైమర్ మీద మొదలుపెట్టండి; 1980లలో చాలామంది అలాగే చేసేవారు, ఆ మెరుపు అందువల్లే వచ్చేది. ఆకుపచ్చను లేతగా చేయడానికి తెలుపు కలిపితే సున్నం కొట్టినట్లు అవుతుంది, పసుపు కలిపితే చర్మానికి జీవం వస్తుంది. ముక్కు కొసకు, కింది పెదవికి కాస్త ఎరుపు తాకించండి.

రెండవ సమాధానం రాసినవారు మళ్లీ:

కోయవద్దన్న మాటతో నేను పూర్తిగా ఏకీభవించలేను. ఒక బొమ్మ తల మరొక దానికి మార్చి కొత్త పాత్రను పుట్టించడం ఆ కాలపు ఆటగాళ్ల అలవాటే. ఒకే అచ్చు నుంచి వచ్చినవి రెండు ఉంటే ఒకదాన్ని మార్చడంలో తప్పు లేదు. అయితే ఈ ఒక్క బొమ్మకు మీ సలహాయే మేలైనది.

ప్రశ్న అడిగినవారు:

అందరికీ కృతజ్ఞతలు. అలమర ఖాళీ చేశాను. నిన్న అసిటోన్‌లో రంగు ఊడిపోయాక, ఒక గాబ్లిన్ నడుము వెనక ఇంతకాలం కనిపించని చిన్న కత్తి ఒర, మరొకడి నోట్లో విరిగిన పన్ను బయటపడ్డాయి. పదకొండింట్లో ఒకే అచ్చువి రెండు లేవు కాబట్టి దేన్నీ కోయడం లేదు. విరిగిన చేతికి తీగ బిగించి తొలి పొర వేశాను, అది ఇప్పుడు గట్టిపడుతోంది. జెండా కర్రకు ఇత్తడి కడ్డీ కొనడానికి రేపు వెళ్తాను.