బస్సులో మొదలైన పరిచయం కాపురంగా నిలబడుతుందా?

సీతమ్మధార శారద
ఒక సంబంధం మీద ఇంట్లో నెలరోజులుగా వాదన నడుస్తోంది. అమ్మాయికీ అబ్బాయికీ మన విశాఖ 900కె సిటీ బస్సులో పరిచయం. ఇద్దరివీ ఋషికొండ వైపు ఉద్యోగాలు. ఇద్దరూ హిందువులే, కులాలు వేరు. "దారిలో దొరికింది దారిలోనే పోతుంది" అంటున్నారు పెద్దలు. తెలిసినవాళ్ళు చెప్పండి. ఇలా అనుకోకుండా కలిసినవాళ్ళ కాపురం నిలబడాలంటే ఏం చూసుకోవాలి? ఎక్కడ దెబ్బతింటుంది?

పెదవాల్తేరు మూర్తి
ముందు ఆ "అనుకోకుండా" అన్న మాట తీసేయండి. మొదటిరోజు పక్క సీటు దొరకడం వరకే యాదృచ్ఛికం. రెండో రోజు నుంచి అది టైమ్‌టేబుల్. సింహాచలం గిరిప్రదక్షిణలో 32 కిలోమీటర్లు లక్షల మందితో కలిసి నడుస్తాం. హనుమంతవాక దగ్గర మాట కలిసిన మనిషి గోపాలపట్నం దాటాక మళ్ళీ కనబడరు. బురుజుపేట కనకమహాలక్ష్మి గుడి అలా కాదు. మార్గశిరంలో గురువారాలు నాలుగో ఐదో వస్తాయి, అదే వేళకు వెళ్తే క్యూలో అవే ముఖాలు. పరిచయం పెరిగేది రెండో రకం చోట్లలోనే.

ఇది నా ఊహ కాదు. 1931లో ఫిలడెల్ఫియాలో ఇచ్చిన 5,000 పెళ్ళి లైసెన్సులను జేమ్స్ బొసార్డ్ అనే సమాజశాస్త్రవేత్త పరిశీలించి మరుసటి ఏడాది ప్రచురించాడు. మూడో వంతు జంటలు లైసెన్సు అడిగేనాటికే ఒకరికొకరు ఐదు వీధి బ్లాకుల లోపు ఉంటున్నారు. 1950లో ఫెస్టింజర్ అనే మనస్తత్వశాస్త్రవేత్త బృందం ఒక విద్యార్థి దంపతుల కాలనీ మీద రాసిన పుస్తకంలోనూ ఇదే. మెట్ల పక్క వాటాల్లో ఉన్నవాళ్ళకు పైఅంతస్తు వాళ్ళతో స్నేహాలు ఎక్కువ, ఎందుకంటే అందరూ ఆ గుమ్మం ముందునుంచే వెళ్తారు. మన ఉక్కునగరం క్వార్టర్స్‌లో ఉన్నవాళ్ళకు ఇది విడమరిచి చెప్పక్కర్లేదు.

పెళ్ళిళ్ళ సూరిబాబు
మూర్తిగారూ, ఫిలడెల్ఫియా లెక్క ఇక్కడ పనికిరాదండీ. అక్కడ ఇంటిపేరు చెప్తే ఊరు దొరికే పద్ధతి లేదు. దగ్గరగా ఉంటే ఎవరికైనా పరిచయం అవుద్ది. పెళ్ళికి గావాల్సింది పరిచయం కాదు, వాకబు.

గాజువాక కుర్రోడు
ఇద్దరికీ ఇష్టమైతే రిజిస్ట్రార్ ఆఫీసులో సంతకం పెట్టేస్తే అయిపోయింది కదా. ఇంత చర్చ దేనికి?

రిజిస్ట్రీ రమణి
అయిపోదు తమ్ముడూ. ఇద్దరూ హిందువులు కాబట్టి వీళ్ళకు 1955 హిందూ వివాహ చట్టం చాలు. కులం అడ్డు కాదు. అయితే ఆ చట్టం కింద పెళ్ళంటే ఆచారం ప్రకారం తంతు జరగాలి, ఆ తర్వాతే రిజిస్ట్రేషన్. తంతు లేకుండా తెచ్చుకున్న సర్టిఫికెట్ పెళ్ళి కాదని 2024లో సుప్రీంకోర్టు చెప్పింది. అందుకని పెళ్ళి ఫొటోలు, శుభలేఖ, సాక్షులు జాగ్రత్త.

తంతు వద్దనుకుంటే 1954 ప్రత్యేక వివాహ చట్టం ఉంది. ఇద్దరిలో ఒకరు నోటీసుకు ముందు కనీసం 30 రోజులు ఆ జిల్లాలో ఉండాలి. నోటీసు ఆఫీసులో అంటిస్తారు, అభ్యంతరాలకు 30 రోజులు. వయసు చాలకపోవడం, బతికున్న భార్యో భర్తో ఉండడం, నిషిద్ధ బంధుత్వం, సమ్మతి ఇవ్వలేని మానసిక స్థితి... అభ్యంతరం ఇలాంటి వాటి మీదే చెల్లుతుంది. "మాకిష్టం లేదు" అంటే చెల్లదు. ముగ్గురు సాక్షులు రావాలి. నోటీసిచ్చిన మూడు నెలల్లో పెళ్ళి జరగకపోతే మళ్ళీ మొదటికి.

గాజువాక కుర్రోడు
సగోత్రం అయితే కుదరదంటారు?

రిజిస్ట్రీ రమణి
హిందూ వివాహ చట్టంలో సగోత్రానికి నిషేధం లేదు. ఉన్నది సపిండానికి, అంటే దగ్గరి రక్తసంబంధానికి, తల్లివైపు మూడు తరాలు, తండ్రివైపు ఐదు. ఆచారం ఉన్నచోట దానికీ మినహాయింపు ఉంది. మన మేనరికాలు చెల్లేది ఆ మినహాయింపు వల్లే.

పెదవాల్తేరు మూర్తి
సూరిబాబుగారి "వాకబు" దగ్గరికి వస్తాను. పెళ్ళిచూపుల్లో అరగంట. పట్టుచీర, ఇస్త్రీ చొక్కా, పక్కన పదిమంది. బస్సులో రోజుకు ముప్పావుగంట, వారానికి ఐదు రోజులు, ఆరు నెలలు. చిల్లర దగ్గర కండక్టరుతో ఎలా మాట్లాడాడు, గర్భిణికి సీటు ఇచ్చాడా, ఇంటినుంచి ఫోనొస్తే గొంతు మారిందా, ఇవన్నీ ఎవరూ చూడటం లేదనుకున్నప్పుడు బయటపడతాయి. దీన్ని మించిన వాకబు ఏముంది?

పెళ్ళిళ్ళ సూరిబాబు
ఉంది. బస్సులో తెలిసేది పరాయోళ్ళతో ఎలాగుంటాడో. సొంత మనుషులతో ఎలాగుంటాడో, డబ్బు దగ్గర ఎలాగుంటాడో బస్సులో తెలీదు.

వాకబంటే ఏటో చెప్తాను. ఊళ్ళో ముగ్గురిని అడగాల. ఒకరు కిరాణా కొట్టాయన, ఖాతా ఎన్నాళ్ళకి తీరుస్తారో అతనికే తెలుసు. రెండు పక్కిల్లు. మూడు, ఆ ఇంటితో మాటల్లేని ఇల్లు. ఈ మూడో ఇంటిని వదిలీసినోడికి వాకబు రాదు. ముగ్గురూ ఒకే మాట చెప్తే నమ్మొచ్చు. జీతం ఎంతని అడక్కూడదు, చేతికెంతొస్తాదని అడగాల. సొసైటీ లోను, పీఎఫ్ మీద తీసినది, చెల్లి పెళ్ళి బాకీ, అన్నీ కోత పోయాక మిగిలేదే జీతం. సొంత ఇల్లంటే సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో ఈసీ, అంటే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్, తియ్యాల. రిజిస్టరైన తాకట్టు అందులో తేల్తాది. కాగితాలు చేతికిచ్చి తెచ్చిన అప్పు తేలదు, దానికి మళ్ళీ ఆ కిరాణా కొట్టే గతి.

పెదవాల్తేరు మూర్తి
ఈ పద్ధతి మంచిదే. కానీ మీ వృత్తిలో ఇదంతా చేసేవాళ్ళు ఎందరు? సంబంధం కుదిరిన రోజున మధ్యవర్తికి డబ్బు ముడుతుంది. పదేళ్ళు నిలబడినందుకు ఎవరూ ఇవ్వరు. అలాంటప్పుడు అతను నిజం చెప్పాలని ఎందుకు అనుకోవాలి? మా పిన్ని కూతురికి ఒక మధ్యవర్తి "సొంత ఇల్లు" అని చెప్పి సంబంధం చేశాడు. ఆ ఇంటి బాకీకి ఆ పిల్ల ఇప్పటికీ వడ్డీ కడుతోంది.

పెళ్ళిళ్ళ సూరిబాబు
ఎవడో చేసిన పాపం నా నెత్తిన రుద్దకండి. డబ్బు ఒక్కరోజే ముడతాది, నిజమే. తిట్లు మాత్రం జన్మంతా. కాపురంలో గొడవొస్తే మొదట ఫోనొచ్చేది మధ్యవర్తికే. రెండువైపులా కూర్చోబెట్టి మాట్లాడాల, ఒకోసారి అర్ధరాత్రి. బస్సులో కలిసినోళ్ళకి ఆ మూడో మనిషి ఎవరు? చెప్పండి, పేరు చెప్పండి.

పెదవాల్తేరు మూర్తి
మూడో మనిషి అక్కర్లేదు. చదువుకున్న ఇద్దరు కూర్చుని మాట్లాడుకోగలరు. మీరు చెప్పేది మనుషుల్ని ఎప్పటికీ పిల్లలుగానే చూడటం.

పెళ్ళిళ్ళ సూరిబాబు
మాట్లాడుకోగలరా! ఆ పిల్లకి ఏడో నెల వస్తే ఎవరింటికి పంపిస్తారు మూర్తిగారూ? బస్సుకా? పుస్తకాల్లో పురుడు ఎవరు పోస్తారో రాసుందా?

ఎమ్వీపీ కల్యాణి
ఇంతసేపటికి అసలు మాట ఇదిగో ఇప్పుడొచ్చింది. కుటుంబ తగాదాల కౌన్సెలింగులో ఉన్నాను కాబట్టి చెప్తున్నాను. ఎలా కలిశారన్న దాని గురించి అక్కడ ఎవరూ గొడవపడరు. గొడవలు వచ్చే చోట్లు దాదాపు ఒకేలా ఉంటాయి. మొదటి సంక్రాంతి ఎవరింట్లో? నెలనెలా ఏ ఇంటికి ఎంత పంపాలి, దాన్ని రెండోవాళ్ళకు చెప్పి పంపుతున్నారా? నీచు వండటం ఒక ఇంట్లో ఉండి ఇంకో ఇంట్లో లేకపోతే వంటగది ఎవరి పద్ధతిలో నడుస్తుంది? వీటన్నిటికంటే పెద్దది పురుడు. మనవైపు మొదటి కాన్పు పుట్టింట్లో. పుట్టిల్లు తలుపేస్తే సీమంతం ఉండదు, సారె ఉండదు, బాలింతకు పథ్యం వండి, బిడ్డకు నీళ్ళు పోసే మనిషి ఉండదు. ఆ రెండు మూడు నెలల్లో భర్త సెలవు అయిపోతుంది, అత్తగారితో పరిచయమే ఇంకా కుదరదు. కాపురం అక్కడ బీటలు వారుతుంది, అందరూ మాత్రం "ప్రేమపెళ్ళి కదా" అంటారు.

పెదవాల్తేరు మూర్తి
అది కలిసిన తీరులో లోపం కాదు కదమ్మా. తలుపేసిన తల్లిదండ్రుల తప్పు. అడిగి చేసుకుంటేనే పురుడు పోస్తాం అనడం కూతురిని బెదిరించడమే. నేను మొదటినుంచీ కోపంగా ఉన్నది దాని మీదే, సూరిబాబుగారి మీద కాదు.

పెళ్ళిళ్ళ సూరిబాబు
తప్పు ఎవరిదైనా అనుభవించేది ఆ పిల్లే. తలుపు ఎయ్యకుండా చూడటమే నా పని. పెద్దోళ్ళని ముందు అడిగితే సగం తలుపులు మూతపడవు. పెళ్ళయ్యాక చెప్తే అవమానం అనుకుంటారు, ముందు చెప్తే కోపం ఒక్కటే.

పెదవాల్తేరు మూర్తి
అడిగితే ఆపేవాళ్ళూ ఉన్నారు. ఇంట్లో పెట్టి తాళం వేసేవాళ్ళూ ఉన్నారు. మేజరైన ఇద్దరు ఇష్టపడి చేసుకుంటే అడ్డుపడే హక్కు కుటుంబానికి గానీ కులపెద్దలకు గానీ లేదని 2018లో శక్తి వాహిని కేసులో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. చెప్పాలా వద్దా అన్నది ఆ అమ్మాయే తేల్చుకోవాలి, ఆ ఇల్లు ఎలాంటిదో ఆమెకే తెలుసు.

సీతమ్మధార శారద
నిజం చెప్పేస్తాను. అమ్మాయి వాళ్ళమ్మ అన్న మాట అదే. "చేసుకో, కానీ పురిటికి మాత్రం ఈ గడప తొక్కకు" అంది. బస్సు, కులం అన్నీ పైపైన. అమ్మాయి భయం ఆ ఒక్క మాట మీదే ఉంది.

ఎమ్వీపీ కల్యాణి
అయితే శారదగారూ, తల్లితో ఇప్పుడు పెళ్ళి గురించి వాదించకండి, ఓడిపోతారు. పిన్నో పెద్దమ్మో మేనత్తో, పురుడు పోయగలిగిన ఒక ఆడమనిషిని ముందు ఒప్పించండి. ఒక గడప తెరుచుకుంటే తల్లి మనసు మెత్తబడటానికి చోటుంటుంది. ఈలోపు ఇద్దరూ చేతికొచ్చే జీతం, బాకీలు, ఇంటికి పంపేది ఒక కాగితం మీద రాసి మార్చుకోవాలి. రాయడానికి ఎవరు తడబడితే వాళ్ళ దగ్గర ఇంకా చెప్పనిది ఉందని అర్థం. అబ్బాయి వాళ్ళింట్లో అమ్మాయి ఒక పూర్తి పండగ రోజు గడపాలి, భోజనానికి వెళ్ళి రావడం కాదు. వంటింట్లో పొద్దున్నుంచీ ఉండాలి. వాళ్ళమ్మ ఎవరిమీద అరుస్తుందో, అప్పుడు అబ్బాయి ఎక్కడుంటాడో చూడాలి.

రిజిస్ట్రీ రమణి
ఒకవేళ ప్రత్యేక వివాహ చట్టం దారి పట్టాలనుకుంటే ఒకటి గుర్తుంచుకోండి. ఇద్దరిలో ఎవరి శాశ్వత నివాసమైనా వేరే జిల్లా అయితే, నోటీసు కాపీ ఆ జిల్లా ఆఫీసుకూ వెళ్ళి అక్కడా అంటిస్తారు. ఇంట్లో తెలియదనుకోవద్దు.

పెదవాల్తేరు మూర్తి
కల్యాణిగారి పండగ రోజు మాట బాగుంది. బస్సులో కనబడనిది అక్కడ కనబడుతుంది. అంతవరకూ ఒప్పుకుంటాను.

పెళ్ళిళ్ళ సూరిబాబు
శారదమ్మా, అబ్బాయి నాన్న పుట్టిన ఊరు ఏదో కనుక్కో. ఇప్పుడుంటున్న ఊరు కాదు, పుట్టిన ఊరు. వాకబు అక్కడ మొదలెట్టాల.